రక్తం పట్టే మందు ముచ్చట

చెల్లాయ్, ఈ నెల నీతో ఆడపిల్లల రక్తం గురించి మాట్లాడాలి. మన రాజోలు చుట్టుపక్కల ఏ ఇంటికెళ్ళినా ఇదే మాట వినపడుతోంది. "పిల్ల పాలిపోయిందండి. ఆకలి లేదంటుంది, మెట్లెక్కితే ఆయాసమంటుంది, పుస్తకం పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తుంది." ఆ పిల్ల ఇంటరో డిగ్రీయో చదువుతూ ఉంటుంది. పక్కన కూర్చున్న పెద్దావిడ వెంటనే అందుకుంటుంది: "ఆ వయసులో అందరూ అంతేనమ్మా, పెళ్ళయి ఓ నలుసు కడుపున పడితే అదే సర్దుకుంటుంది." తల్లి కువైట్‌లో ఉంటే అమ్మమ్మ వీడియో కాల్లో పిల్ల మొహం చూపించి, "రంగు తేలింది చూడు" అని మురిసిపోతుంది. ఆ తెల్లదనం చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. అది రంగు తేలడం కాదు చెల్లాయ్, రక్తం తగ్గడం. కింది రెప్ప కాస్త లాగి చూడు, గోళ్ళు చూడు, నాలుక చూడు. తెలిసిపోతుంది.

పెళ్ళి చేస్తే తగ్గుతుందన్న మాట ఒక్క మన పెద్దావిడలదే కాదు. 1554లో యోహానెస్ లాంగె అనే జర్మన్ వైద్యుడు అచ్చు వేయించిన ఉత్తరాల పుస్తకంలో ఈ కథే ఉంది. ఒక స్నేహితుడు తన కూతురి సంగతి రాశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు, గుండెదడ, మెట్లెక్కితే రొప్పు, మాంసం చూస్తే వెగటు, కాళ్ళ వాపులు. మంచి సంబంధాలు వస్తున్నాయి, ఈ స్థితిలో ఇవ్వొచ్చా అని అడిగాడు. లాంగె దానికి కన్యల జబ్బు అని పేరు పెట్టి, పెళ్ళి చేసెయ్యి, గర్భం దాలిస్తే కోలుకుంటుంది అని జవాబు రాశాడు. ఎంత దూరదేశమో, ఎన్నేళ్ళ కిందటి మాటో! ఆ సలహా ఇప్పటికీ మన వీధరుగుల మీద బతికే ఉంది.

ఆ సలహా ఎంత ప్రమాదమో లెక్క చెబుతాను విను. ఆడదాని ఒంట్లో మొత్తం ఇనుము రెండు మూడు గ్రాములు. అందులో ఎక్కువ భాగం రక్తంలోనే ఉంటుంది. ఒక కాన్పుకి బిడ్డకీ, మాయకీ, పెరిగే రక్తానికీ, పోయే రక్తానికీ కలిపి సుమారు ఒక గ్రాము ఇనుము కావాలి. నెలనెలా పోయేది 15 నుంచి 20 మిల్లీగ్రాములు. మరి తిండిలోంచి రోజుకి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అసలే అడుగంటిన పిల్లకి పెళ్ళి చేసి, ఏడాది తిరక్కుండా కడుపు రావాలని దేవుళ్ళకి మొక్కితే ఆ గ్రాము ఎక్కణ్ణించి వస్తుంది? తల్లి ఒంట్లోంచే వస్తుంది. కాన్పు గదిలో కాస్త రక్తం ఎక్కువ పోతే తట్టుకోలేకపోయేది ఇలాంటి పిల్లలే.

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా అంతటా ఈ జబ్బు ఆడపిల్లలని పట్టి పీడించింది. ఇళ్ళలో పనికి కుదిరిన పిల్లలు, కుట్టుపని చేసుకునేవాళ్ళు, బడిపిల్లలు, కలవారి అమ్మాయిలు, అందరూనూ. పాలిపోయి పాలిపోయి చర్మానికి లేత ఆకుపచ్చ ఛాయ వచ్చేదిట. దాన్ని క్లోరోసిస్ అన్నారు. ప్రేమ విఫలమైందన్నారు, నడుము బిగించి కట్టుకునే ఉడుపుల వల్లన్నారు, నరాల బలహీనత అన్నారు. పిల్ల ఏం తింటోంది, ఎంత రక్తం పోగొట్టుకుంటోంది అని అడగడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మందు మాత్రం అంతకుముందే చేతిలో ఉంది. ఇంగ్లండులో థామస్ సిడెన్‌హామ్ అనే వైద్యుడు 1681లోనే ఇలాంటి పిల్లలకి ఇనుము ఇమ్మన్నాడు, ఇనప రజను వైన్‌లో నానబెట్టి మరీ. రక్తంలో ఇనుము ఉందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఇనుము తిన్న మనిషికి ఇనుమంత బలం వస్తుందన్న నమ్మకమే ఆధారం. ఆ తరవాత 1746లో ఇటలీలో మెంగీని అనే ఆయన రక్తాన్ని ఎండబెట్టి, కాల్చి, ఆ పొడి దగ్గర అయస్కాంతం పెడితే రేణువులు వచ్చి అంటుకున్నాయి. మన ఒంట్లో పారేది ఇనుము కలిసిన నెత్తురని అలా తేటతెల్లమైంది.

ఇక అసలు మందు దగ్గరికి వస్తాను. దాన్ని నువ్వు మన ఎరువుల కొట్లోనే చూడొచ్చు. అన్నభేది కావాలని అడుగు. నారుమడిలోనో నిమ్మతోటలోనో ఆకు తెల్లబడితే, ఇనప ధాతువు లోపించిందని, మన రైతులు అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు కదా, అదే. అరచేతిలో పోసుకుంటే లేతాకుపచ్చ పలుకులు, అద్దం ముక్కల్లా మెరుస్తాయి. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. మూత వదిలేసి నాలుగు రోజులు ఉంచితే పైపైన పసుపు, తరవాత తుప్పు రంగు పొడి కడుతుంది. ఆ పొడిని ఎంత దులిపినా తొలి మెరుపు రాదు. రసాయనం చదివినవాళ్ళు ఆకుపచ్చగా ఉన్నదాన్ని ఫెర్రస్ అనీ, తుప్పు పట్టినదాన్ని ఫెర్రిక్ అనీ అంటారు. మన పేగుకి తేలిగ్గా పట్టేది మొదటిదే. ఎరువుల కొట్లో అమ్మేది పొలానికే సుమా, దాన్ని నోట్లో వేసుకోకూడదు. శుద్ధిచేసిన అన్నభేదే ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ బిళ్ళలో ఉంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ అని డబ్బా మీద రాసి ఉంటే అదే ఇది.

దీన్ని తుప్పు పట్టనివ్వకుండా పిల్లల కడుపులోకి చేర్చడమే ఆ రోజుల వైద్యులకి పెద్ద పరీక్ష. దక్షిణ ఫ్రాన్సులో బోకేర్ అని ఒక ఊరుంది. అక్కడి ఆసుపత్రి వైద్యుడు పియర్ బ్లో. ఈయన అన్నభేదినీ, బూడిద నుంచి తీసే పొటాష్ క్షారాన్నీ సమపాళ్ళలో కలిపి మాత్రలు కట్టి, క్లోరోసిస్ పిల్లలకి ఇచ్చి, 1832 ప్రాంతంలో ఆ ఫలితాలు అచ్చు వేయించాడు. అంతకుముందు నెలల తరబడి ఏ మందుకీ లొంగని పిల్లలు వారాల్లోనే లేచి తిరిగారు. ఆయన చేసిన గొప్ప పనల్లా మోతాదు పెంచడమే. అందరూ చిటికెడు ఇస్తుంటే ఈయన ధైర్యంగా రోజురోజుకీ పెంచుకుంటూ పోయాడు. ఆ మాత్రకి ప్రపంచమంతా బ్లో మాత్ర అనే పేరు. ఫ్రాన్సులోనే 1840ల్లో యూసెబ్ గ్రీ అనే ఆయన పాలిపోయిన ఆకుల మీద ఇదే ఇనప లవణం చల్లితే పచ్చదనం తిరిగొచ్చిందని చూపించాడు. మన రైతు చేసే పనికి ఆయనే ఆద్యుడు.

అయితే ఆ మాత్రతో ఒక చిక్కు. తాజాగా కట్టినది బాగా పనిచేసేది. దుకాణంలో నెలల తరబడి ఉన్నది గులకరాయిలా గట్టిపడి, ఎలా మింగితే అలాగే బయటికి వచ్చేసేది. అందుకే చక్కెర పూత వేశారు, గాలి తగలకుండా. ఆ పూతలోంచే వ్యాపారం పుట్టింది. డాక్టర్ విలియమ్స్ పింక్ పిల్స్ అని కెనడా నుంచి బయల్దేరిన గులాబి రంగు మాత్రలు 1890ల్లో ప్రపంచం చుట్టేశాయి. మన దేశపు పత్రికల్లో కూడా ఆ ప్రకటనలు వచ్చేవి. పాలిపోయిన మనుషులకి, నరాల జబ్బుకి, కీళ్ళనొప్పికి, అన్నింటికీ అదే మందుట! 1909లో బ్రిటిష్ వైద్యుల సంఘం రహస్య మందులన్నీ పరీక్ష చేయించి పుస్తకం వేస్తే, ఆ గులాబి పూత కింద ఉన్నది ప్రధానంగా ఆ అన్నభేదీ, ఆ క్షారమూనే. మందు మంచిదే. ఎక్కువ డబ్బు తీసుకుని, సర్వరోగ నివారిణి అని చెప్పి అమ్మడం మంచిది కాదు. ఇప్పుడు కూడా టీవీలో "రక్తం పెంచే" టానిక్కుల ప్రకటన వస్తే, సీసా వెనక ఇనుము ఎన్ని మిల్లీగ్రాములో చదువు చెల్లాయ్. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే బిళ్ళలో ఎంత ఉందో దానితో పోల్చి చూడు.

ద్రవరూపంలో వచ్చిన మందుల సంగతి ఇంకో రకం. ఉక్కు చుక్కలు అనేవారు, ఇనుమూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ సారాయిలో కలిపిన ద్రావణం. పళ్ళకి తగిలితే నల్లగా మారిపోయేవి, పింగాణి పాడయ్యేది. అందుకని గాజుగొట్టం పెట్టి నాలుక వెనక్కి పీల్చుకోమనేవారు. ఈస్టన్ సిరప్ అని ఇంకొకటి, అందులో ఇనుముతో పాటు క్వినైనూ, కాస్త ముష్టిగింజల విషమూ ఉండేవి. తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా ఆ కాలపు మంచి వైద్యులు చెప్పిన ఒక్క మాట మాత్రం ఇప్పటికీ శిరోధార్యం. విలియం ఆస్లర్ 1892లో రాసిన వైద్య గ్రంథంలో బ్లో మాత్రలు మొదటి వారం పూటకొకటి చొప్పున మూడు పూటలా, రెండో వారం పూటకి రెండు, మూడో వారం పూటకి మూడు ఇమ్మన్నాడు. మొహంలో కళ వచ్చింది కదా అని ఆపొద్దు, కనీసం మూడు నెలలు వాడాలి అన్నాడు. మనవాళ్ళు ఎక్కడ తప్పుతున్నారో తెలుసా? పది బిళ్ళలు వేసుకుని, కాస్త ఓపిక రాగానే మిగతావి గూట్లో పెట్టేస్తున్నారు.

మన మద్రాసు రాజధానిలో కూడా ఈ వైద్యం అప్పుడే నడిచింది. తిరువాన్కూరులో పనిచేసిన ఎడ్వర్డ్ వేరింగ్ అనే దొర బజారులో దొరికే మందులతో వైద్యం ఎలా చెయ్యాలో ఒక పుస్తకం రాశాడు. పెద్దాసుపత్రి దూరమైన ఊళ్ళలో ఉండేవాళ్ళ కోసం రాసిందది. అందులో అన్నభేది ఉంది, మన పేరుతోనే ఉంది. రక్తం తగ్గినవాళ్ళకీ, చలిజ్వరాలు తగిలి తగిలి కడుపులో బల్ల (ప్లీహం) పెరిగినవాళ్ళకీ ఎలా ఇవ్వాలో చెప్పాడు. బల్ల మందు అని ఆసుపత్రుల్లో అన్నభేది, క్వినైను కలిపి ఇచ్చేవారు కూడా. మన ప్రాంతం సంగతి ఆలోచించు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, ఆ వెంటనే గన్నవరం దగ్గర వైనతేయ మీంచి అక్విడెక్టు కట్టి మన నగరం లంకలోకి కాలువ నీళ్ళు తెచ్చారు. పొలాలు పచ్చబడ్డాయి, కడుపులు నిండాయి. ఆ కాలువ గట్ల మీద పెరిగిన ఆడపిల్లల మొహాలు ఎందుకు పాలిపోయాయో అడిగినవాళ్ళే లేరు.

ఇక మన ఆయుర్వేదం. దొరలు ఇనుము ఇవ్వడం మొదలుపెట్టకముందు నుంచే మన వైద్యులు పాండురోగానికి లోహం ఇచ్చేవారు. పాత ఇనప చిట్టెం, అంటే కొలిమి అడుగున మిగిలే మడ్డి, తీసి కాల్చి కాల్చి మండూరం చేసేవారు. నూరేళ్ళు పాతబడిన చిట్టెం శ్రేష్ఠమని శాస్త్రం. నాకు అన్నిటికంటే ముచ్చటేసేది నవాయస చూర్ణం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. తుంగముస్తలు, చిత్రమూలం, వాయువిడంగాలు. తొమ్మిదీ ఒక్కో భాగం, లోహభస్మం తొమ్మిది భాగాలు. తేనె, నెయ్యి కలిపి నాకించేవారు. ఇందులో ఉసిరికాయని చూడు, పులుపు ఇనుముని ఒంటికి పట్టిస్తుంది. వాయువిడంగాలని చూడు, అవి కడుపులో పురుగుకి మందు. రక్తం పట్టించడానికీ, రక్తం తాగేదాన్ని వెళ్ళగొట్టడానికీ ఒక్క పొడిలోనే ఏర్పాటు! ఆ పెద్దల బుద్ధికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అలాగని భస్మాలు బజార్లో ఎవరో సంచిలో తెచ్చి అమ్మితే కొనకు. పుటాలు సరిగా పడని భస్మంలో సీసం, పాదరసం లాంటివి కూడా ఉండే ప్రమాదం ఉంది. చదువుకున్న వైద్యుడు చెబితేనే.

పాపం ఆ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇనుముకే గండం వచ్చింది. బాసెల్‌లో గుస్టావ్ బుంగె అనే పెద్ద శాస్త్రజ్ఞుడు, ఇనప లవణాలు అసలు ఒంటికి పట్టవు, తిండిలో ఉండే ఇనుమే పడుతుంది, మాత్రలు ఇచ్చేది వృథా అని వాదించాడు. పెద్దమనిషి మాట కదా, చాలామంది మోతాదులు తగ్గించేశారు. ఎడిన్‌బరోలో రాల్ఫ్ స్టాక్‌మన్ ఊరుకోలేదు. 1893లో పాలిపోయిన పిల్లలకి కొందరికి ఇనుము చర్మం కింద సూదిమందుగా ఇచ్చాడు, కొందరికి నోటి ద్వారా ఇచ్చాడు. రక్తం పెరిగింది. మాటకి మాట చెప్పకుండా లెక్కతో చూపించాడు. అంతకంటే మంచి పని ఆయన 1895లో చేశాడు. ఆ పిల్లలు రోజూ ఏం తింటున్నారో తూచి, అందులో ఇనుము ఎంతో కొలిచాడు. రొట్టె, టీ, కాస్త వెన్న. మాంసం అంటే వెగటు కాబట్టి అదీ లేదు. నెలనెలా పోయే రక్తం ఒక పక్క, చాలని తిండి ఒక పక్క. ప్రేమా కాదు, నరాలూ కాదు. పిల్ల కంచంలోకి తొంగి చూసిన ఆ మనిషంటే నాకు ఎంతో గౌరవం.

మన కంచాల్లోకి మనమూ చూసుకుందాం చెల్లాయ్. చేపల పులుసు కాస్తే ముక్కలు ఎవరికి పడుతున్నాయి? మగపిల్లాడికి రెండు, ఆయనకి రెండు, అత్తగారికొకటి. వడ్డించి వడ్డించి చివరికి కూర్చున్న మనకీ, మన పక్కన కూర్చున్న ఆడపిల్లకీ పులుసు. చేపలో, మాంసంలో, కార్జంలో ఉన్న ఇనుము ఒంటికి పట్టినంత సులువుగా ఆకుకూరల్లోది పట్టదు. అందుకని శాకాహారులు ఆకుకూర వండినప్పుడల్లా పులుపు ఉండేలా చూసుకోవాలి. మన గోదావరి జిల్లాల్లో ఆషాఢంలో తెలగపిండి వేసి మునగాకు కూర వండే అలవాటు ఎంత మంచిదో! దాన్ని ఒక్క ఆషాఢానికే పరిమితం చెయ్యడమెందుకు? మునగచెట్టు పెరట్లోనే ఉంది. అన్నంలో నిమ్మకాయ పిండుకో, భోజనం తరవాత జామకాయ ముక్క తిను. టీ, కాఫీ మాత్రం అన్నానికి గంట ముందో గంట తరవాతో తాగు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుము చాలామట్టుకు వృథా అయిపోతుంది.

ఒట్టి ఇనుముతోనే అందరి రక్తమూ పెరగదని తెలిసింది మన దేశంలోనే. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత పరిశీలించింది. కొందరికి ఇనుము ఎంత ఇచ్చినా లాభం లేదు. ఈస్టుతో చేసే మార్మైట్ ఇస్తే కోలుకున్నారు. అందులో ఏదో పోషకం ఉందని ఆవిడ 1931లో రాసింది. 1941లో పాలకూర ఆకుల్లోంచి దాన్ని వేరుచేసి ఫోలిక్ ఆసిడ్ అన్నారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, అందరికీ అందేలా చేసిన బృందానికి పెద్ద ఎవరో తెలుసా? దిండి దగ్గర చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా వెళ్తే వచ్చే మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన కథ చెప్పుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ గారు నగలమ్మి చదివించింది. అన్నదమ్ములిద్దరు పదిరోజులైనా తిరక్కుండా ఒకరి తరవాత ఒకరు గ్రహణి జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం ఇంకిపోయి, మనిషి శల్యమైపోయే జబ్బది. ఆయనకే ఆ జబ్బు వస్తే ఆయుర్వేదం కూడా నేర్చిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. సుబ్బారావు గారు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, అమెరికా వెళ్ళి, న్యూయార్కు రాష్ట్రంలో లెడర్లె ప్రయోగశాలకి పరిశోధనల పెద్దగా ఉన్నప్పుడు, 1945లో ఫోలిక్ ఆసిడ్ కృత్రిమంగా తయారైంది. అన్నదమ్ములని మింగిన గ్రహణికి అదే మందయింది. మూడేళ్ళు తిరగకుండానే, 1948లో, ఆయన యాభై మూడేళ్ళకే వెళ్ళిపోయారు. మళ్ళీ మన గోదావరి చూడనేలేదు.

అందుకే చెల్లాయ్, అంగన్‌వాడీలోనో ఆసుపత్రిలోనో ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్రబిళ్ళని తక్కువగా చూడకు. అందులో సగం బ్లో మాత్ర కాలపు అన్నభేది, సగం మన భీమవరం బిడ్డ కష్టం. గర్భిణికి రోజూ ఒకటి, 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్, 180 రోజులు. బిడ్డ పుట్టాక ఇంకో 180 రోజులు. బడిలో పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకి వారానికొకటి ఇచ్చే నీలం బిళ్ళలో కూడా అంతే. మన దేశంలో 1970లోనే మొదలైన పథకం ఇది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. బిళ్ళ ఇంటికి వస్తోంది, నోట్లోకి వెళ్ళడం లేదు. ఎందుకో నాకు తెలుసు. వికారం అంటారు, మలం నల్లగా వస్తే భయపడతారు, బిడ్డ నల్లగా పుడతాడని ఎవరో అంటారు. మలం నల్లబడటం మామూలే, పట్టగా మిగిలిన ఇనుము రంగది. బిడ్డ రంగుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వికారం పెడితే రాత్రి అన్నం తిన్న రెండు గంటల తరవాత వేసుకుని పడుకో. నిమ్మరసం నీళ్ళతో వేసుకో. పాలతో వద్దు, టీతో వద్దు, కాల్షియం బిళ్ళతో కలిపి అసలే వద్దు, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మరీ పడకపోతే మానెయ్యకుండా డాక్టరుని అడుగు. రోజు విడిచి రోజు వేసుకున్నా ఒంటికి బాగానే పడుతుందని స్విట్జర్లాండ్‌లో ఈ మధ్య చేసిన పరిశోధనల్లో తేలింది, కొందరికి డాక్టర్లు అలా రాసిస్తారు.

ఇంకో సంగతి మరిచిపోకు, చెప్పులు. మన కొబ్బరితోటల్లో నీడ, తడి, ఇసుక కలిసిన మెత్తటి మట్టి. కడుపులో చేరి రక్తం తాగే కొంకిపురుగు పిల్లలకి అంతకంటే సుఖమైన చోటు లేదు. అవి ఎక్కువగా పాదాల చర్మంలోంచే లోపలికి పోతాయి. 1898లో ఈజిప్టులో ఆర్థర్ లూస్ అనే ఆయన చేతిమీద ఆ పురుగు పిల్లలున్న నీళ్ళు పొరపాటున పడి, దురద పుట్టి, కొన్నాళ్ళకి ఆయన కడుపులోనే పురుగులు తేలాయి. అప్పుడు తెలిసింది లోకానికి. ఒక్కో పురుగు తాగే రక్తం రోజుకి చుక్కలో కొంతే. ఓ వంద పురుగులుంటే రోజుకి మూడు మిల్లీలీటర్లు. తిండిలోంచి కష్టపడి సంపాదించిన ఇనుమంతా వాటికే చెల్లు. మద్రాసు రాజధానిలో 1920ల్లోనే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్ళు ఈ పురుగు మీద పనిచేశారు. ఇప్పుడు ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. పిల్ల ఆ రోజు బడికి వెళ్ళకపోతే తరవాతైనా అడిగి వేయించు. తోటలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు లేకుండా వెళ్ళనివ్వకు, నువ్వూ వెళ్ళకు.

బిళ్ళలు మాత్రం చంటిపిల్లలకి అందని చోట పెట్టు. ఎర్రగా చాక్లెట్లా ఉందని పిల్లాడు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. రెండు మూడు నెలలు సక్రమంగా వేసుకున్నా రక్తం పెరగకపోతే ఇంకో డబ్బా కొనడం కాదు, కారణం వెతకాలి. నెలసరి మరీ ఎక్కువ పోతోందా, పైల్స్ ఉన్నాయా, పుట్టుకతో వచ్చే తలసీమియా లాంటిదేమైనా ఉందా అని డాక్టరు చూస్తారు. తలసీమియా ఉన్నవాళ్ళలో కొందరికి ఇనుము అదనంగా ఇస్తే మేలుకి బదులు కీడు. ఆడపిల్ల నెలసరి ఎన్ని రోజులు వస్తోందో, ఎన్ని గుడ్డలు మారుస్తోందో అడగడానికి తల్లులే సిగ్గుపడితే ఇక ఎవరు అడుగుతారు? నాతో చెప్పినంత చనువుగా నీ కూతురితో కూర్చుని అడుగు. నువ్వు కువైట్‌లో ఉంటే ఫోన్లోనే అడుగు, అమ్మమ్మ లేనప్పుడు.

సోమవారం పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. పన్నెండు లోపు వస్తే తక్కువే అనుకో, గర్భిణి అయితే పదకొండు. పక్కన కుర్చీలో ఊరికే కూర్చోకు, నీ వేలు కూడా ఇయ్యి. మీ ఇద్దరి అంకెలూ ఒక కాగితం మీద రాసి గోడకి తగిలించి, మూడు నెలల తరవాత మళ్ళీ చేయించి, ఎంతెంత పెరిగిందో నాకు రాయి.